గాగుల్స్ మెడలో వేలాడుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: నమస్తే అన్నా. రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో పని చేస్తున్నాను. డిప్లొమా మెకానికల్ చదివాను. షెడ్లకు ట్రస్సులు (పైకప్పును మోసే ఇనుప చట్రాలు), గేట్లు, ప్యానెల్ బాక్సులు చేస్తాం. 35 మంది ఉంటారు, అందులో సగం కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళే. క్వాలిటీ చూసుకునే నాకే ఈ ఏడాది సేఫ్టీ కూడా అప్పగించారు. అందరికీ గాగుల్స్ కొనిచ్చాం. ఒక రోజు గంటసేపు క్లాసు పెట్టించి రిజిస్టర్‌లో సంతకాలు తీసుకున్నాం. అయినా గాగుల్స్ మెడలోనో నెత్తి మీదో ఉంటాయి. నేను వస్తున్నానంటే దించుతారు, అటు తిరగ్గానే మళ్ళీ పైకి. మా మేస్త్రికి యాభై దాటాయి. అడిగితే ‘ఇరవై ఏండ్ల నుంచి చేస్తాండా పాపా, నాకేమయింది? అది పెట్టుకుంటే మార్కింగే కనపడదు’ అంటాడు. ఆయన్ని చూసి కుర్రాళ్ళూ పెట్టుకోరు. మొన్న శనివారం ఒక హెల్పర్ కంట్లో ఇనుప నలుసు పడింది. పక్కనున్నతను కర్చీఫ్ కొనతో తీసేశాడు. బాగానే ఉందంటున్నాడు గానీ కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. ఓనర్ గారేమో పెట్టుకోనివాళ్ళకు ఫైన్ వేయమంటున్నారు, పోగొట్టుకుంటే జీతంలో కోయమంటున్నారు. రోజూ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న సోదరి, తిరుపతి

జవాబు: చెల్లెమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ హెల్పర్‌ని ఈ రోజే కంటి డాక్టరుకు చూపించండి. శనివారం నలుసు పడిన కన్ను ఇంకా ఎర్రగా ఉందంటే లోపల ఏదో మిగిలిందనే అనుకోవాలి. ఇనుప ముక్క నల్లగుడ్డు మీద కొన్ని గంటలు నిలిచినా చుట్టూ తుప్పు ఉంగరంలా పడుతుంది. ముక్క ఊడివచ్చినా ఆ తుప్పు అక్కడే ఉంటుంది. దాన్ని డాక్టరు మైక్రోస్కోపులో చూసి తీయాలి. పైగా కర్చీఫ్ కొన తగిలి గీత పడితే అక్కడ చీము పట్టవచ్చు. రుయాలో కంటి విభాగం ఉంది, తిరుపతిలోనే అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, కార్డు ఉంటే ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. ఎక్కడికైనా సరే, మీ వాళ్ళెవరినైనా తోడిచ్చి పంపండి. మెడికల్ షాపులో చుక్కల మందు కొనిచ్చి సరిపెట్టకండి. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే కంట్లో పుండు ముదిరిపోతుంది.

పంపేముందు ఆ అబ్బాయిని ఒక మాట అడగండి: నలుసు పడినప్పుడు గ్రైండర్ నడుస్తోందా, లేక ఎవరైనా సుత్తితో ఉలి మీద కొడుతున్నారా? సుత్తి పని అయితే సంగతి వేరే. ఇనుము మీద ఇనుము కొట్టినప్పుడు ఎగిరే పెచ్చు సూదిమొనంత ఉన్నా కనుగుడ్డును చీల్చుకుని లోపలికి పోగలదు. పైన కనిపించేది చిన్న చుక్కంత గాయం. నొప్పి పెద్దగా ఉండదు, చూపు కూడా కొన్నాళ్ళు బాగానే ఉండవచ్చు. ఆ ఇనుము లోపలే ఉండిపోతే మెల్లగా కంటి నరాల పొరను తినేస్తుంది. అందుకే డాక్టరుతో ‘సుత్తి పని చేస్తుండగా తగిలింది’ అని స్పష్టంగా చెప్పాలి. అప్పుడే ఆయన ఎక్స్‌రే గానీ సీటీ స్కాన్ గానీ తీయిస్తారు. లోపల ఇనుము లేదని తేలేదాకా ఎంఆర్ఐ జోలికి పోకూడదు, దాని అయస్కాంత శక్తికి ముక్క కదిలి కన్నును ఛిద్రం చేస్తుంది.

ఆ ఉలి ఎలా ఉందో కూడా ఒకసారి చూడండి. దెబ్బలు తిని తిని తల పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆ అంచులే ఎగిరివచ్చే పెచ్చులు. గ్రైండర్ మీద పెట్టి తల సాఫు చేయిస్తే సరిపోతుంది.

ఇక గాగుల్స్. నేను చాలా ఏళ్ళు ఫ్యాక్టరీల్లో సేఫ్టీ పనే చేశాను. గాగుల్స్ మెడలో కనిపిస్తే నేను మొదట చూసేది ఆ గాగుల్స్‌నే, మనిషిని తర్వాత చూస్తాను. మీరూ ఒక పని చేయండి. రేపు మధ్యాహ్నం రెండు గంటలకు, రేకుల షెడ్డు కాగి ఉన్నప్పుడు, మీ వాళ్ళకిచ్చిన గాగుల్స్ మీరే పెట్టుకుని గ్రైండింగ్ బెంచీ దగ్గర అరగంట నిలబడండి. పది నిమిషాల్లో అద్దం లోపల ఆవిరి పడుతుంది. చెమట కనుబొమల మీద నుంచి కారి కంట్లో మండుతుంది. ఎలాస్టిక్ చెవుల పైన కోసుకుంటుంది. తుడుద్దామని బనియన్ అంచుతో రుద్దితే అద్దం మీద గీతలు పడతాయి, ఆ గీతల మీద వెలుగు పడగానే ముందున్నది మసకైపోతుంది. అది పెట్టుకుని సుద్ద గీత మీద కటింగ్ చేయమంటే ఎవరివల్లా కాదు. మీ ఊరి ఎండల్లో అయితే చెప్పనే అక్కర్లేదు.

అక్కడ నిలబడినప్పుడే ఇంకొకటి గమనించండి. గ్రైండర్ నడుస్తున్నంతసేపూ చాలామంది గాగుల్స్ ఉంచుకుంటారు. పని ఆపి, అంచు సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి వంగినప్పుడు పైకి ఎత్తుతారు. ఆ క్షణంలో పక్క బెంచీ మీద గ్రైండర్ నడుస్తూనే ఉంటుంది. నలుసు వచ్చేది అక్కడినుంచి. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే వీల్ అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. అక్కడి రవ్వ పక్క బెంచీ దాకా రావడానికి రెప్ప వేసేంత టైమ్ కూడా పట్టదు. వెల్డర్ల దగ్గరా ఇదే కథ. అతుకు వేసేటప్పుడు స్క్రీన్ అడ్డం పెట్టుకుంటారు. ఆపగానే స్క్రీన్ పక్కన పెట్టి, అతుకు మీద పేరుకున్న పెంకును (స్లాగ్) చిప్పింగ్ సుత్తితో కొడతారు, ఒట్టి కళ్ళతో. కాలుతున్న గాజుపెంకు లాంటి ఆ స్లాగ్ నేరుగా మొహం మీదికే ఎగురుతుంది.

కాబట్టి మొదట బెంచీల సంగతి చూడండి. రెండు గ్రైండింగ్ బెంచీలు ఎదురెదురుగా ఉంటే తిప్పించండి, మధ్యలో ఒక రేకు నిలబెట్టించండి. స్క్రాప్ రేకు మీ దగ్గరే ఉంటుంది, పైసా ఖర్చు లేదు. వెల్డింగ్ చుట్టూ మంట అంటుకోని తెర వేయించండి. ఆర్క్ వెలుగు వెల్డర్‌కంటే పక్కన యాంగిల్ పట్టుకున్న హెల్పర్‌నే ఎక్కువ బాధపెడుతుంది, అతని చేతిలో స్క్రీన్ ఉండదు కదా. బెంచీ పైన మంచి ఎల్ఈడీ లైటు పెట్టించండి. వెలుతురు బాగుంటే గాగుల్స్ ఎత్తి చూడాల్సిన అవసరం సగం తగ్గుతుంది. ఎయిర్ గొట్టంతో బట్టల మీద దుమ్ము ఊదుకోవడం మాత్రం ఆ రోజే ఆపించండి. పెద్ద వీల్ పట్టించడం కోసం గ్రైండర్ గార్డు (వీల్ మీది రక్షణ కప్పు) ఊడదీసి ఉంటే ఆ మిషన్‌ని పక్కన పెట్టేయండి, దాని మీద మాత్రం బేరం లేదు. వీల్ పగిలితే గార్డు లేని మిషన్ ముందు ఏ కళ్ళద్దాలూ మొహాన్ని కాపాడలేవు. వీల్ మధ్యలో ఇనుప రింగు మీద ఎక్స్‌పైరీ నెల, ఏడాది ఉంటాయి, అవీ చూడటం అలవాటు చేయండి.

కొనేటప్పుడు అందరికీ ఒకే రకం కొనడమే పెద్ద పొరపాటు. గ్రైండింగ్, డ్రిల్లింగ్ చేసేవాళ్ళకు పక్కలు మూసి ఉన్న పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) కళ్ళద్దాలు, దాని పైన ఫేస్ షీల్డ్. రెండూ కావాలి. ఫేస్ షీల్డ్ ఒక్కటే పెట్టుకుంటే కింద నుంచీ పక్కల నుంచీ రవ్వ లోపలికి వస్తుంది. పైగా షీల్డ్ ఎత్తిన మరుక్షణం కళ్ళు ఖాళీ. వెల్డర్లు కూడా స్క్రీన్ కింద ఈ తెల్ల కళ్ళద్దాలు పెట్టుకునే ఉండాలి, స్లాగ్ కొట్టేటప్పుడు కాపాడేవి అవే. మామూలు ఆర్క్ వెల్డింగ్‌కు బ్లాక్ గ్లాస్ 10 నుంచి 12 నంబరు మధ్య ఉండాలి, గ్యాస్ కటింగ్‌కు 5 దగ్గర సరిపోతుంది. కటింగ్ చేసే కుర్రాడు బజారులో కొన్న కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుంటే అది రక్షణ కాదు. అద్దం మీదో ఫ్రేమ్ మీదో ఐఎస్ 5983 అనో ఈఎన్ 166 అనో కంటి రక్షణ ప్రమాణం ముద్ర ఉందేమో చూసి కొనండి. ఏ ముద్రా లేనిది ఎంత చవకైనా వద్దు. ఆవిరి పట్టని కోటింగ్ ఉన్నది అడగండి, నాలుగైదు మోడళ్ళ శాంపిళ్ళు తెప్పించి, వారం రోజులు వాళ్ళనే పెట్టుకోమనండి. ఏది నచ్చితే అదే కొనండి. తను ఎంచుకున్న కళ్ళద్దాలను మనిషి తీసి పడేయడు. ఎవరివి వాళ్ళకే ఉండాలి, ఒకరిది ఇంకొకరు పెట్టుకుంటే కళ్ళకలక షెడ్డంతా అంటుకుంటుంది.

మీ ప్యానెల్ బాక్సులకు పౌడర్ కోటింగ్ కూడా అక్కడే చేస్తుంటే, జిడ్డు తీసే కాస్టిక్ (ఘాటైన క్షారం) తొట్టె, తుప్పు వదలగొట్టే యాసిడ్ తొట్టె ఉంటాయి. అక్కడ కళ్ళద్దాలు చాలవు. మొహానికి చుట్టూ అతుక్కుని, గాలి పక్కదారిన పోయే గాగుల్స్, పైన ఫేస్ షీల్డ్ కావాలి. అందరూ యాసిడ్‌కు భయపడతారు గానీ కాస్టిక్ దానికంటే చెడ్డది. యాసిడ్ చాలావరకు పైపొరను కాల్చి అక్కడే ఆగుతుంది, కాస్టిక్ కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పైపులు, ట్యాంకులు కడిగేదీ ఈ కాస్టిక్‌తోనే. తోతాపురి సీజన్‌లో రాత్రీ పగలూ నడిచే ఆ షిఫ్టుల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు ఇది చదువుతుంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మీ మేస్త్రి గురించి. ఆయన మొండివాడని మీరు అనుకుంటున్నారు. నాకైతే ఆయన మాటలో అసలు సంగతి కనిపిస్తోంది. ‘పెట్టుకుంటే మార్కింగే కనపడదు’ అన్నారు కదా. యాభై దాటిన మనిషికి చత్వారం ఉంటుంది. దగ్గరి గీత కనపడాలంటే చదువుకునే అద్దాలు కావాలి. ఆ అద్దాల మీద మీరిచ్చిన గాగుల్స్ కూర్చోవు, అద్దాలు తీసేసి గాగుల్స్ పెడితే గీత కనపడదు. కుర్రాళ్ళ ముందు ‘నాకు కళ్ళు ఆనడం లేదు’ అని చెప్పుకోవడం పెద్ద పనివాడికి చిన్నతనం. అందుకే ‘నాకేమయింది’ అంటారు. అలాంటి మేస్త్రిలు నాకు చాలామంది తెలుసు. ఆయన్ని పక్కకు పిలిచి, ‘మామా, ఒకసారి కళ్ళు పరీక్ష చేయిద్దాం, ఖర్చు కంపెనీదే’ అనండి. శుక్లం ఉంటే అదీ బయటపడుతుంది. పవర్ ఉన్న సేఫ్టీ కళ్ళద్దాలే చేయించవచ్చు, లేదా చదువుకునే అద్దాల మీద సరిపోయే పెద్ద రకం దొరుకుతుంది. మామూలు పవర్ అద్దాలనే రక్షణ అనుకోవడం మాత్రం ప్రమాదం, ముక్క తగిలితే ఆ అద్దమే పగిలి కంట్లో గుచ్చుకుంటుంది. నా మాట విని ఈ ఒక్క పని ముందు చేయండి. ఆయన కళ్ళకు గీత కనపడ్డ రోజున కుర్రాళ్ళ సంగతి మీరు చూసుకోనక్కర్లేదు, ఆయనే చూసుకుంటారు.

గంట క్లాసు, సంతకం గురించి నా అభిప్రాయం నిష్ఠూరంగానే చెబుతాను. దానివల్ల ఫైలు నిండింది, అంతకు మించి ఏమీ జరగలేదు. శిక్షణ మిషన్ దగ్గర జరగాలి. పొద్దున పని మొదలయ్యేముందు పది నిమిషాలు, రోజుకు ఒకటే విషయం, చూపించేది మేస్త్రి. ఒక రోజు గీతలు పడ్డ అద్దాన్ని, కొత్తదాన్ని ఒక్కొక్కరి చేతికిచ్చి లైటు వైపు చూడమనండి. ఒక రోజు అద్దం ఎలా కడగాలో చూపించండి: ముందు నీళ్ళు పోసి దుమ్ము పోగొట్టాలి, తర్వాతే మెత్తటి గుడ్డ, పొడిగుడ్డతో రుద్దకూడదు. ఇంకో రోజు గాగుల్స్ తీసే పద్ధతి. ఇది ఎవరూ చెప్పరు. పని అయ్యాక జుట్టులో, కనుబొమల్లో, అద్దం అంచు మీద ఇనుప పొడి ఉంటుంది. తల ఎత్తి తీస్తే అదంతా కంట్లోకే రాలుతుంది. కళ్ళు మూసుకుని, తల ముందుకు వంచి, ఎలాస్టిక్ వెనకనుంచి పట్టుకుని తీయాలి. ఆ వెంటనే తడిగుడ్డతో నుదురు తుడుచుకోవాలి. రోజంతా గాగుల్స్ పెట్టుకున్న మనిషి కంట్లో సాయంత్రం నలుసు ఎలా పడిందని ఆశ్చర్యపోతారు చూడండి, అలా పడుతుంది.

యాసిడ్, కాస్టిక్ తొట్టెల దగ్గర పనిచేసేవాళ్ళతో ఇంకొకటి చేయించండి. కళ్ళకు గంతలు కట్టి, తొట్టె దగ్గర నుంచి నీళ్ళ కొళాయి దాకా నడవమనండి. కంట్లో కాస్టిక్ పడ్డవాడు కళ్ళు తెరవలేడు, తడుముకుంటూనే పోవాలి. పది సెకన్లలో చేరలేకపోయినా, దారిలో బకెట్టో యాంగిల్ ముక్కో కాలికి తగిలినా, తప్పు మీ షెడ్డుది. కొళాయిని దగ్గరికి తెండి, దారి ఖాళీ చేయించండి. ఏ క్లాసూ నేర్పనిది ఆ ఒక్క నడక నేర్పుతుంది.

ఏం పడితే ఏం చేయాలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. రసాయనం పడితే నీళ్ళు, వెంటనే నీళ్ళు. రెప్పలు రెండు వేళ్ళతో విప్పి పట్టుకుని కనీసం పదిహేను నిమిషాలు ధారగా కడగాలి, కాస్టిక్ అయితే ఇంకా ఎక్కువసేపు. ఆ తర్వాతే బండి ఎక్కించాలి. కడగకుండా తిరుపతికి పరుగెత్తితే దారిలోనే కన్ను పోతుంది. దుమ్ము నలుసైతే రుద్దకుండా నీళ్ళతో కడగాలి, పోకపోతే డాక్టరే తీయాలి, అగ్గిపుల్ల, కర్చీఫ్, అయస్కాంతం ఏవీ వద్దు. కనుగుడ్డు తెగినా ఏదైనా గుచ్చుకుని ఉన్నా మాత్రం కడగకూడదు, నొక్కకూడదు, పీకకూడదు. పేపర్ కప్పు బోర్లించి కంటికి తగలకుండా ప్లాస్టరు వేసి తీసుకెళ్ళాలి.

వెల్డింగ్ వెలుగు తగిలితే అప్పుడేమీ తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, సరిగ్గా అర్ధరాత్రి, కంట్లో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. అప్పుడు ఇళ్ళల్లో ఆముదం, చనుబాలు, నందివర్ధనం పూల రసం పోస్తారు. ప్రేమతో చేసేదే, కానీ వాటివల్ల పచ్చిపుండు మీద సూక్ష్మజీవులు చేరతాయి. చల్లటి తడిగుడ్డ వేసి, దీపం ఆర్పి పడుకోబెట్టి, తెల్లవారగానే డాక్టరుకు చూపించాలి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తిమ్మిరి ఎక్కించే చుక్కలు కొందరు వెల్డర్లు జేబులో పెట్టుకుని తిరుగుతారు, అవి పదేపదే వేసుకుంటే నల్లగుడ్డు పాడైపోతుంది.

ఓనర్ గారి మాటకు వద్దాం. జీతంలో గాగుల్స్ డబ్బులు కోయడం చట్టం ఒప్పుకోదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 35వ సెక్షన్ కళ్ళ రక్షణ కోసమే ఉండేది, శిక్షణ కార్మికుడి హక్కని 111-ఏ చెప్పింది, ఇవ్వాల్సిన పరికరాలకు డబ్బు వసూలు చేయకూడదని 114 చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ భద్రత కోసం చేసే దేనికీ ఉద్యోగి నుంచి పైసా తీసుకోకూడదనే ఉంది. అదే మాట ఓనర్ గారికి డబ్బు భాషలో చెప్పాలంటే, ఒక కన్ను చూపు పూర్తిగా పోతే ఉద్యోగుల నష్టపరిహార చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రత కోడ్ పట్టికలో సంపాదన శక్తిలో 30 శాతం నష్టం కింద లెక్క. ఎవరి వయసూ జీతమూ బట్టి అది లక్షల్లోకి పోతుంది, కళ్ళద్దాల ఖర్చు వందల్లో ఉంటుంది. మనిషికి పోయేది ఆ 30 శాతంతో తీరదనుకోండి, ఒంటికన్నుతో ఉన్నవాణ్ని ట్రస్సు మీదికి ఎవరెక్కిస్తారు?

ఫైన్ ఇప్పుడే వద్దు. ఆవిరి పట్టే అద్దం ఇచ్చి ఫైన్ వేస్తే మిమ్మల్ని చూసి దించడం ఇంకా బాగా నేర్చుకుంటారు, తగిలిన దెబ్బలు కూడా దాచేస్తారు. ఆ హెల్పర్ దెబ్బ మీదాకా వచ్చింది, అది మంచి సూచన, దాన్ని పోగొట్టుకోవద్దు. అతను ఈఎస్‌ఐ కిందికి వస్తే యాక్సిడెంట్ రిపోర్టు వెంటనే పంపించండి. పనిలో తగిలిన దెబ్బకు ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, నిన్న చేరినవాడికీ వర్తిస్తుంది. కాంట్రాక్టర్ మనుషులని వేరుగా చూడకండి, కళ్ళద్దాలూ శిక్షణా అందరికీ ఒకటే. వాళ్ళలో తమిళం, హిందీ, ఒడియా మాట్లాడేవాళ్ళుంటే వాళ్ళలోనే ఒక చురుకైనవాణ్ని పిలిచి ముందు అతనికి నేర్పండి, అతను తన వాళ్ళకు చెబుతాడు. తలూపారంటే అర్థమైందని అనుకోకండి, చేసి చూపించమనండి.

ఇంకొక్కటి. చాలా యూనిట్లలో కొత్త కళ్ళద్దాలు స్టోర్‌లో తాళం వేసి ఉంటాయి. పాతది తెచ్చివ్వాలి, సంతకం పెట్టాలి, స్టోర్ కీపర్ టీకి పోతే ఆగాలి. పీస్ రేటు మీద పనిచేసే కుర్రాడు అంతసేపు ఆగడు, గీతలు పడ్డదాన్నే నెత్తి మీదికి తోసి పని కానిస్తాడు. ఒక డజను కళ్ళద్దాలు మూత లేని డబ్బాలో వేసి గ్రైండింగ్ బెంచీ పక్కనే పెట్టించండి, కావాల్సినవాడు తీసుకుంటాడు. తగ్గినప్పుడల్లా నింపే బాధ్యత మేస్త్రికివ్వండి.